బహుమతికి వచ్చేవారు, పుస్తకానికి వచ్చేవారు

చిన్న ప్రచురణ సంస్థకు పుస్తకాన్ని అచ్చు వేయడం కన్నా ఆ పుస్తకానికి తగిన పాఠకుణ్ణి వెతికి పట్టుకోవడమే కష్టమైన పని. దినపత్రికకు ఊరంతా పాఠకులే. కాని పిల్లలకు అరబీ అక్షరాలు నేర్పే తెలుగు వాచకానికో, సీరత్ గ్రంథానికో, దక్కనీ వంటకాల పుస్తకానికో కావలసిన పాఠకులు ఒక ఊళ్ళో పదిమంది, మరో ఊళ్ళో ఇద్దరు, గల్ఫ్ దేశాలలో కొందరు చొప్పున చెదిరి ఉంటారు. వారందరికీ తెలిసేలా ప్రకటన ఇచ్చే స్తోమత చిన్న సంస్థకు ఉండదు. పుస్తకం గోదాములో ఉంటుంది, దాని అవసరం ఉన్న కుటుంబం తన ఇంట్లో ఉంటుంది. ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

ఈ దూరాన్ని తగ్గించే సాధనంగా ప్రపంచమంతటా ప్రచురణకర్తలు ఈమెయిల్ చిరునామాల జాబితాను ఆశ్రయిస్తున్నారు. ఫేస్‌బుక్ పేజీని వేలమంది అనుసరిస్తున్నా, మనం రాసినదాన్ని వారిలో ఎందరికి చూపించాలో నిర్ణయించేది ఆ కంపెనీయే. ఈమెయిల్ మాత్రం పాఠకుని పేర నేరుగా వెళ్ళే ఉత్తరం. మన కుటుంబాలలో ఈమెయిల్ కన్నా వాట్సాప్ వాడకమే ఎక్కువన్నది నిజమే. అయితే చిరునామా ఈమెయిల్‌ది అయినా, ఫోన్ నంబరు అయినా, దాన్ని సేకరించే పద్ధతీ, దాని వెంట వచ్చే బాధ్యతా ఒక్కటే.

ఆ చిరునామాలను త్వరగా సేకరించడానికి నేడు విరివిగా వాడుతున్న మార్గం ఆన్‌లైన్ బహుమతి పథకం. 'మీ పేరు, ఈమెయిల్ ఇవ్వండి, డ్రాలో గెలిచినవారికి ఫలానా బహుమతి' అన్న ప్రకటనలు మనందరికీ పరిచితమే. వేలాది పేర్లు వారం రోజులలో పోగుపడతాయి. అయితే అలా వచ్చినవారు బహుమతి కోసం వచ్చారా, పుస్తకం కోసం వచ్చారా అన్నదే అసలు ప్రశ్న. ఈ పథకాల లాభనష్టాలన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే ఆధారపడి ఉంటాయి.

నూట ముప్పై ఏళ్ళ నాటి పాఠం

ఈ ఉపాయం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 19వ శతాబ్ది చివరలో బ్రిటన్‌లో చదువు వచ్చిన సామాన్యుల సంఖ్య పెరిగి, చవక వారపత్రికల మధ్య పోటీ తీవ్రమైంది. జార్జ్ న్యూన్స్ నడిపిన 'టిట్-బిట్స్' ఏకంగా ఒక ఇంటినే బహుమతిగా ప్రకటించింది. ఆ బాటలోనే ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ 1888లో 'ఆన్సర్స్' అనే వారపత్రికను ప్రారంభించాడు. తరువాతి కాలంలో 'డెయిలీ మెయిల్' స్థాపించి లార్డ్ నార్త్‌క్లిఫ్‌గా ప్రసిద్ధి చెందినది ఈయనే.

1889లో 'ఆన్సర్స్' ఒక పోటీ ప్రకటించింది. డిసెంబరులో ఒక నిర్ణీత దినాన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉండే బంగారం, వెండి నాణేల విలువ ఎంతో ఊహించి చెప్పాలి. సత్యానికి అందరికన్నా దగ్గరగా చెప్పినవారికి జీవితాంతం వారానికి ఒక పౌను. ఆనాడు ఒక పేద కుటుంబం ఆ సొమ్ముతో వారం గడుపుకోగలిగేది. ఏడు లక్షలకు పైగా జవాబులు వచ్చిపడ్డాయి.

ఈ పోటీలో అసలు చాతుర్యం బహుమతిలో లేదు, షరతులో ఉంది. జవాబు పంపేవారు దానిపై ఐదుగురు సాక్షుల పేర్లు, చిరునామాలు రాయించాలి. ఆ సాక్షులు బంధువులు కాకూడదు, అదే ఇంట్లో ఉండేవారూ కాకూడదు. అంటే ప్రతి పోటీదారుడూ ఐదు ఇళ్ళకు వెళ్ళి ఆ పత్రిక పేరు చెప్పవలసిందే. పైసా జీతం లేకుండా లక్షలాది మంది ఆ పత్రికకు ప్రచారకులయ్యారు.

ఫలితం ఏమిటి? పత్రిక అమ్మకం రెండు లక్షల ప్రతులు దాటింది. ఏడాదిన్నర వయసున్న పత్రికకు అది గొప్ప విజయమే. కాని రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. జవాబులు ఏడు లక్షలు, ప్రతులు రెండు లక్షలు. బహుమతి పిలిచిన జనమంతా పాఠకులు కాలేదు. ఆ తరువాత హార్మ్స్‌వర్త్ వారానికి రెండు పౌన్ల బహుమతితో మరో పోటీ తలపెట్టగా, అది లాటరీ కిందికి వస్తుందని అధికారులు అడ్డుకున్నారు. ఈనాటి బహుమతి పథకాలకు సంబంధించిన మూడు పాఠాలూ ఈ ఒక్క కథలో ఉన్నాయి. నోటి మాటకు ఉన్న బలం మొదటిది. వచ్చినవారికీ నిలిచినవారికీ మధ్య తేడా రెండవది. జూదానికీ బహుమతికీ మధ్య ఉన్న సన్నని గీత మూడవది.

నేటి రూపం

నాటి ఐదుగురు సాక్షుల స్థానంలో నేడు లింకు వచ్చింది. పథకంలో పేరు నమోదు చేసుకోగానే పాఠకునికి ప్రత్యేకమైన ఒక లింకు ఇస్తారు. అతడు దాన్ని మిత్రులకు పంపగా, వారిలో ఒకరు చేరిన ప్రతిసారీ డ్రాలో అతని పేరు మరికొన్ని సార్లు చేరుతుంది. ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు అనేకం అందుబాటులో ఉన్నాయి.

ఈ పద్ధతికి తరచుగా చెప్పే ఉదాహరణ అమెరికాలోని హ్యారీస్ అనే రేజర్ల కంపెనీ. 2013లో దుకాణం తెరవడానికి ముందే ఒక్క వారంలో సుమారు లక్ష ఈమెయిల్ చిరునామాలను అది సేకరించింది. అక్కడ డ్రా లేదు. ఐదుగురు మిత్రులను చేర్చినవారికి క్షౌరపు క్రీము, పదిమందిని చేర్చినవారికి రేజరు, యాభైమందిని చేర్చినవారికి ఏడాది పాటు ఉచితంగా బ్లేడ్లు. అన్నీ తాము అమ్మబోయే వస్తువులే. రేజరు అక్కరలేనివాడు ఆ బహుమతి కోసం రాడు. కనుక వచ్చినవారిలో ఎక్కువమంది రేపటి కొనుగోలుదారులే.

పుస్తక ప్రపంచంలో ఈ పని పెద్దయెత్తున సాగింది గుడ్‌రీడ్స్‌లో. పుస్తక ప్రియుల ఈ వెబ్‌సైటు తొలినాళ్ళ నుంచీ ప్రచురణకర్తలు అక్కడ కొన్ని ప్రతులను డ్రాలో పెట్టి ఇచ్చేవారు. 2018 జనవరి నుంచి అమెరికాలో దీనికి రుసుము పెట్టారు. మామూలు పథకానికి 119 డాలర్లు, పెద్ద పథకానికి 599 డాలర్లు. చిన్న రచయితలకు అది భారమైంది. పైగా పాల్గొన్న వేలమంది ఈమెయిల్ చిరునామాలు ప్రచురణకర్తకు అందవు. పుస్తకం 'చదవాలనుకుంటున్నవి' అనే వరుసలో చేరుతుందే గాని, ఆ పాఠకుణ్ణి మళ్ళీ పలకరించే దారి ఉండదు.

ఆ కారణంగా ఆంగ్లంలో సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలు మరో మార్గం పట్టారు. ఒకే తరహా పుస్తకాలు రాసే పదిమందో ఇరవైమందో కలిసి తలా ఒక పుస్తకం వేసి ఒక కట్టను బహుమతిగా పెడతారు. చారిత్రక నవలల కట్టకు చారిత్రక నవలలు చదివేవారే వస్తారు. ఖర్చు పంచుకుంటారు, పాఠకులను పరస్పరం పరిచయం చేసుకుంటారు. ఇందులో తప్పనిసరిగా పాటించవలసిన నియమం ఒకటుంది. ఎవరెవరి నుంచి ఉత్తరాలు వస్తాయో పాల్గొనేవారికి ముందే పేరుపేరునా చెప్పాలి, అక్కరలేనివారిని వదులుకునే వీలు ఇవ్వాలి.

బహుమతి ఎంపికలోనే సగం ఫలితం

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పిల్లల ఇస్లామీయ కథలు వేసే ఒక సంస్థ ముప్పై వేల రూపాయల స్మార్ట్‌ఫోన్‌ను బహుమతిగా పెట్టింది. మూడు వేలమంది పేర్లు ఇచ్చారు. అంటే చిరునామాకు పది రూపాయలు. చవకే అనిపిస్తుంది. కాని ఫోను అందరికీ కావలసిన వస్తువు. కథల పుస్తకాలతో ఏ సంబంధమూ లేనివారే ఆ జాబితాలో అధికం. మూడు నెలల తరువాత చూస్తే వంద మందే ఉత్తరాలు చదువుతున్నారు. అప్పుడు ఒక్కొక్క పాఠకునికి పడిన ఖర్చు మూడు వందల రూపాయలు.

అదే సంస్థ మూడు వేల రూపాయల విలువైన తన కథల పుస్తకాల కట్టలు రెండు పెట్టిందనుకుందాం. మూడు వందలమందే పేర్లు ఇచ్చారు. మూడు నెలల తరువాత నూట ఇరవై మంది చదువుతున్నారు. ఒక్కొక్కరికి పడిన ఖర్చు యాభై రూపాయలే. ఈ అంకెలు లెక్క వివరించడానికి వేసుకున్నవే. కాని దారి మాత్రం ఇదే. మొదటి రోజు చేరిన సంఖ్యను చూసి మురిసిపోకుండా, మూడు నెలల తరువాత మిగిలిన సంఖ్యతో ఖర్చును భాగించాలి.

అక్కరలేని చిరునామాలు ఊరికే పడి ఉంటే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. నష్టం ఉంది. బహుమతి రాలేదని తెలిశాక అలాంటివారు మన ఉత్తరాన్ని 'స్పామ్' అని గుర్తు పెడతారు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దసంఖ్యలో ఈమెయిళ్ళు పంపేవారికి కఠిన నియమాలు పెట్టాయి. ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నది వాటిలో ఒకటి. అంటే వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు ఫిర్యాదు చేస్తే చాలు, ప్రమాదరేఖను తాకినట్లే. అటుపైన మన ఉత్తరాలు నిజంగా కోరుకున్నవారికి కూడా చేరకుండా చెత్తబుట్టలో పడతాయి. ఫోను కోసం వచ్చిన రెండు వేలమంది వల్ల, పదేళ్ళుగా అభిమానిస్తున్న పాఠకునికి రంజాన్ ప్రత్యేక సంచిక సమాచారం అందకపోవచ్చు.

దీనికి విరుగుడు కూడా కష్టమైనది కాదు. పేరు నమోదు కాగానే ఆ చిరునామాకు ఒక ఉత్తరం పంపి, అందులోని లింకు నొక్కినవారినే జాబితాలో చేర్చుకోవాలి. తప్పుడు చిరునామాలు, ఇతరుల పేరిట ఇచ్చినవి, యంత్రాలు నింపినవి అక్కడే రాలిపోతాయి. ఉత్తరం ఎందరు తెరిచారన్న లెక్కను కూడా పూర్తిగా నమ్మనక్కరలేదు. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యతా సదుపాయం వల్ల తెరవని ఉత్తరం సైతం తెరిచినట్లు కనిపించవచ్చు. ఎందరు జవాబు రాశారు, ఎందరు పుస్తకం కోరారు అన్నవే నమ్మదగిన గుర్తులు.

చట్టం ఏమంటోంది, ధర్మం ఏమంటోంది

బహుమతి, అదృష్టం, పాల్గొనడానికి చెల్లించే మూల్యం. ఈ మూడూ ఒకచోట కలిస్తే లాటరీ అవుతుందన్నది అనేక దేశాల చట్టాలు అంగీకరించిన సూత్రం. 'ఏమీ కొననక్కరలేదు' అన్న వాక్యం అమెరికా బహుమతి ప్రకటనలలో తప్పక కనిపించడానికి కారణం ఇదే.

మన దేశంలో పత్రికల పోటీలే ఒక చట్టానికి దారితీశాయి. గళ్ళ నుడికట్టు, ఖాళీల పూరణ, బొమ్మల పోటీల పేరిట ప్రవేశ రుసుములు వసూలు చేసి పెద్ద మొత్తాలు ఆశ చూపడం పెరగడంతో 1955లో బహుమతి పోటీల చట్టం వచ్చింది. నెలకు వెయ్యి రూపాయలకు మించిన బహుమతులు ఇచ్చే అలాంటి పోటీలను అది నిషేధించింది. 1957లో చమార్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం జూద స్వభావం ఉన్న పోటీలకే వర్తిస్తుందనీ, ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడే పోటీలకు వర్తించదనీ వివరించింది. అమ్మకాలు పెంచుకోవడం కోసం లాటరీలు, అదృష్ట పోటీలు నడపడాన్నీ, ఫలితాలను పాల్గొన్నవారికి తెలియనీయకుండా దాచడాన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల కింద పేర్కొంటుంది. తమిళనాడులో బహుమతి పథకాలను నిషేధించే ప్రత్యేక చట్టం 1979 నుంచే ఉంది. అనేక ప్రకటనల అడుగున 'తమిళనాడు వాసులకు వర్తించదు' అన్న గమనిక అందుకే ఉంటుంది. కనుక పథకం ప్రారంభించేముందు న్యాయవాదిని సంప్రదించడం మేలు.

ధర్మం దృష్టిలో ఈ విషయం మరింత ముఖ్యమైనది. దివ్య ఖురాన్ అల్ మాయిదా సూరా 90వ ఆయతులో మద్యంతో పాటు జూదం కూడా నిషిద్ధమైంది. పాల్గొనేవారు డబ్బు పెట్టి, అది పోతుందో పెద్ద మొత్తంగా తిరిగివస్తుందో అదృష్టానికి వదిలివేసే ప్రతి ఏర్పాటూ ఖిమార్ కిందికి వస్తుందని విద్వాంసులు వివరించారు. పాల్గొనేవారు ఏమీ చెల్లించకుండా, నిర్వాహకుడు తన సొంత సొమ్ముతో ఇచ్చే బహుమతిని కానుకగా పరిగణించి అనేకమంది ఉలమా అనుమతించారు. వస్తువు కొన్నవారికే డ్రాలో చోటు ఇచ్చే పథకాలపై మాత్రం అభిప్రాయ భేదముంది. బహుమతి పేరిట ధర పెంచకపోవడం, కొనేవానికి ఆ వస్తువు నిజంగా అవసరమై ఉండటం వంటి షరతులతో కొందరు అనుమతించారు, మరికొందరు వారించారు. ఇలాంటి సందర్భాలలో స్థానిక ఉలమాను అడిగి ముందడుగు వేయడమే క్షేమం.

సందేహానికి తావులేని దారి కూడా ఒకటుంది. డ్రాయే లేకుండా, పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక చిన్న కానుక ఇవ్వడం. పిల్లల దుఆల చిన్న పుస్తకం, రంజాన్ దినచర్య పట్టిక, జకాత్ లెక్కించే విధానం తెలిపే నాలుగు పుటలు. ఒకసారి తయారుచేస్తే ఎందరికి పంపినా అదనపు ఖర్చు ఉండదు. గెలిచినవారు, ఓడినవారు అన్న భేదమూ ఉండదు. జకాత్ లెక్కల పుస్తిక కోరినవాడు అలాంటి విషయాలు చదివేవాడన్నది కూడా స్పష్టం.

చిరునామా అమానతు

ఒక సోదరి తన ఈమెయిల్, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మనకు ఇచ్చిందంటే ఆమె మన మీద నమ్మకంతో ఒక అమానతు అప్పగించినట్లే. ఏ పని కోసం ఇచ్చిందో ఆ పనికే దాన్ని వాడాలి. పుస్తకాల సమాచారం కోసం ఇచ్చిన నంబరును స్థలాల వ్యాపారికో, పెళ్ళి సంబంధాల సంస్థకో అందించడం ఆ అమానతును కాజేయడమే అవుతుంది.

దేశ చట్టం కూడా ఇప్పుడు ఇదే మార్గంలో ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, నిర్దిష్టమైన పని కోసం ఇచ్చినదై ఉండాలి. ఇవ్వడం ఎంత సులభమో వెనక్కి తీసుకోవడమూ అంతే సులభంగా ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కనుక పిల్లల పుస్తకాల బహుమతి పథకాలలో పిల్లల పేర్లకు బదులు తల్లిదండ్రుల పేర్లే తీసుకోవడం మంచిది.

నిర్వాహకులు ముందుగానే స్పష్టం చేయవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. బహుమతి ఏమిటి, ఎన్ని, గడువు ఎప్పుడు, విజేతను ఎలా ఎంపిక చేస్తారు, రవాణా ఖర్చు ఎవరిది, ఆ తరువాత ఎన్నాళ్ళకొకసారి ఉత్తరం వస్తుంది, వద్దనుకుంటే ఎలా మానుకోవాలి. పోటీలో చేరడానికీ, ఉత్తరాలు అందుకోవడానికీ వేర్వేరు గడులు ఉంచి పాఠకుణ్ణే గుర్తు పెట్టనివ్వాలి. సంస్థ సిబ్బంది, వారి బంధువులు పాల్గొనకూడదు. సాక్షుల సమక్షంలో డ్రా తీసి, విజేత అనుమతితో పేరు, ఊరు ప్రకటించాలి. ప్రకటించిన బహుమతిని ప్రకటించిన రోజున ఇవ్వడం వాగ్దానానికి సంబంధించిన విషయం.

పాల్గొనే కుటుంబాలకు

మోసగాళ్ళు ఎక్కువగా వాడే వేషం కూడా బహుమతిదే. ప్రసిద్ధ టీవీ క్విజ్ కార్యక్రమం పేరిట 'మీకు ఇరవై ఐదు లక్షల లాటరీ తగిలింది' అంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాల గురించి పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. నిజమైన బహుమతి కోసం ఎవరూ ముందుగా పన్ను, రిజిస్ట్రేషన్, కొరియర్ ఖర్చుల పేరిట డబ్బు అడగరు. ఓటీపీ, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కోరరు. మనం పాల్గొనని డ్రాలో మన పేరు గెలవదు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. తొలి గంటలలో ఫిర్యాదు చేస్తే డబ్బును మధ్యలో నిలిపివేసే అవకాశం ఎక్కువ.

ఇంట్లోని పెద్దలకూ, యువతకూ ఈ గుర్తులను విడమరచి చెప్పాలి. పథకం నడిపేది ఎవరో, వారి చిరునామా ఏమిటో కనిపించని చోట పేరు ఇవ్వకూడదు. ఇలాంటి వాటికి విడిగా ఒక ఈమెయిల్ ఉంచుకుంటే బ్యాంకు, ఆసుపత్రి ఉత్తరాలు వాడే చిరునామా సురక్షితంగా ఉంటుంది. అదనపు అవకాశాల ఆశతో మిత్రుల నంబర్లను వారిని అడగకుండా ఇవ్వడం కూడా తగదు. ఆ నంబరు మనది కాదు, వారి అమానతు.

డ్రా ముగిసిన మరునాడు

చాలా సంస్థలు విజేత పేరు ప్రకటించగానే పని ముగిసిందనుకుంటాయి. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. మూడు వందలమంది పాల్గొని ఇద్దరు గెలిస్తే, మిగిలిన రెండు వందల తొంభై ఎనిమిది మందికి ఆ రోజు దక్కినది నిరాశే. వారికి వెళ్ళే తొలి ఉత్తరం 'మీకు బహుమతి రాలేదు, పుస్తకం కొనండి' అన్నట్లు ఉంటే వారు వెళ్ళిపోతారు. దానికి బదులు వారు కోరుకున్న పుస్తకంలోని ఒక పూర్తి కథనే పంపవచ్చు. ఆ రాత్రి తల్లి దాన్ని పిల్లలకు చదివి వినిపిస్తుంది. వారం తరువాత మరొకటి పంపి, పిల్లలకు ఏది నచ్చిందో అడగవచ్చు. జవాబు రాసిన ఇరవై కుటుంబాల పేర్లను ఆ సంస్థ జాగ్రత్తగా రాసిపెట్టుకోవాలి. తరువాతి పుస్తకం ఎవరి కోసం అచ్చువేయాలో ఆ పేర్లే చెబుతాయి.